కృత్రిమ రత్నం విలువ: కళాపూర్ణోదయంలో కల్పన, పురాణం, తత్త్వం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వెలుపల తెలుగు చదువుకునే విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. వీళ్లు బెంగుళూరులోనో, చెన్నైలోనో, బరంపురంలోనో ఇంగ్లీషు పుస్తకాల మధ్య పెరిగినవాళ్లు. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చదివి ఉంటారు. చదవకపోయినా 2001 నుంచి 2003 వరకు వరసగా వచ్చిన మూడు సినిమాలు చూసి ఉంటారు. ఒక రచయిత తన ఊహతో ఒక లోకాన్ని సృష్టించి, దానికి చరిత్రను, భాషలను, దేవతలను కల్పించి, ఆ లోకంలో మంచిచెడ్డల విచారణ చేయటం వీళ్లను ఆకట్టుకుంటుంది. ఆ తరవాత సహజంగానే అడుగుతారు: “మన భాషలో ఇటువంటిది ఉందా?”

ఈ ప్రశ్నకు పెద్దలు సాధారణంగా రెండు రకాల జవాబులు చెప్తారు. “అదేమిటి, మన పురాణాలన్నీ అవే కదా!” అన్నది మొదటిది. “మనకు పురాణం ఉంది, ప్రబంధం ఉంది. పురాణం భక్తి కోసం, ప్రబంధం వర్ణన కోసం. మీరడిగేది మన సంప్రదాయంలో లేదు” అన్నది రెండోది. రెండూ సరికావు. మొదటి జవాబు పురాణానికీ కవి కల్పనకూ ఉన్న తేడాను చెరిపివేస్తుంది. రెండో జవాబు మన సాహిత్యంలో ఉన్న ఒక గొప్ప గ్రంథాన్ని చూడకుండానే దాటిపోతుంది. ఆ గ్రంథం 16వ శతాబ్దిలో పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయం.

ఈ వ్యాసంలో ప్రతిపాదించదలచుకున్న విషయం ఇది. అద్భుతకథ బలం అందులో ఉన్న అద్భుతాల సంఖ్యలో లేదు. ఆ అద్భుతాలను నడిపే నియమంలో ఉంది. పురాణం ఆ నియమానికి పేర్లను, రూపాలను ఇస్తుంది. తత్త్వం దానికి కారణం చూపిస్తుంది. కవి తాను పెట్టుకున్న నియమానికి తానే కట్టుబడి, దాని మూల్యాన్ని పాత్రలచేత చెల్లింపజేసినప్పుడు కల్పన సత్యంతో సమానమవుతుంది. టోల్కీన్ ఈ పని ఒక విధంగా చేశాడు. ఆయనకు దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందు సూరన మరొక విధంగా చేశాడు.

పుట్టు రత్నం, చేసిన రత్నం

మన అలంకారశాస్త్రం కావ్యేతివృత్తాన్ని మూడు విధాలుగా విభజించింది. పురాణేతిహాసాల నుంచి తీసుకున్నది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించినది ఉత్పాద్యం. రెండూ కలిసినది మిశ్రం. ఈ విభజన మనవాళ్లకు పురాణానికీ కల్పనకూ తేడా బాగా తెలుసునని రుజువు చేస్తుంది. అంతా పురాణమే అనేవారు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

తేడా తెలియటమే కాదు, వాటిలో ఏది మేలు అన్న వివాదం కూడా ఉండేది. సూరన కాలంనాటి మరొక మహాకవి రామరాజభూషణుడు వసుచరిత్ర అవతారికలో తన తీర్పు చెప్పాడు. కేవలం కల్పించిన కథలు ఆయన దృష్టిలో కృత్రిమ రత్నాలు. పూర్వపు సత్కథలు గనిలో పుట్టిన రత్నాలు. పూర్వకథకు కవి తన కల్పనతో మెరుగు పెడితే అది సానబట్టిన జాతిరత్నం. ఇందులో అట్టడుగు స్థానం ఎవరిదో చెప్పనక్కరలేదు. రాళ్లు అమ్మేవాడు గాజును చూసినట్టు ఆయన ఉత్పాద్య కథను చూశాడు.

ఈ తీర్పు తేలికగా కొట్టివేయదగింది కాదు. దీని వెనక ఒక గట్టి ఆక్షేపణ ఉంది. పూర్వకథను శ్రోత నమ్మి వస్తాడు. హనుమంతుడు సముద్రం దాటాడంటే ఎలా దాటాడని ఎవరూ అడగరు. శతాబ్దాల విశ్వాసం అక్కడ కవికి పెట్టుబడి. స్వయంగా కథ కల్పించే కవికి ఆ పెట్టుబడి లేదు. అతడు చెప్పే అద్భుతాన్ని ఎందుకు నమ్మాలి? ఏ పాత్ర ఎప్పుడు ఏ రూపమైనా ధరించగలిగితే, ఏ చిక్కునైనా ఒక వరం విప్పగలిగితే, ఇక ఆ కథలో ఉత్కంఠ ఏముంటుంది? ఇంగ్లీషులో ఇప్పుడు వందలకొద్దీ వెలువడుతున్న అద్భుత నవలల్లో చాలావాటికి ఈ ఆక్షేపణే వర్తిస్తుంది. కాబట్టి ప్రశ్న పాతదే అయినా ప్రాణమున్నది: చేసిన రత్నానికి విలువ ఎక్కడినుంచి వస్తుంది?

ఉంగరంలో ఉన్న ప్రశ్న

ముందు విద్యార్థులకు పరిచయమైన టోల్కీన్‌ను చూద్దాం. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఇంగ్లీషు ఆచార్యుడు. కథకుడు కావటానికి ముందు భాషాశాస్త్రవేత్త. 1937లో ‘ది హాబిట్’, 1954, 55 సంవత్సరాల్లో ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వెలువడ్డాయి. ఆయన 1973లో మరణించాక, కుమారుడు క్రిస్టఫర్ 1977లో ‘ది సిల్మరిల్లియన్’ ప్రకటించారు.

టోల్కీన్ పురాణాలనుంచి ధారాళంగా తీసుకున్నాడు. గాండాల్ఫ్ అనే పేరు, మరుగుజ్జుల పేర్లు చాలావరకు ప్రాచీన నార్స్ గీతమైన ‘వోలుస్పా’లోవి. ఫిన్‌లండ్ జానపదేతిహాసం ‘కలేవల’లోని కుల్లెర్వో కథ ఆయన చేతిలో టూరిన్ కథగా మారింది. అయితే ఆయన ఏ పురాణాన్నీ తిరిగి చెప్పలేదు. పేర్లు, రూపాలు తీసుకుని, వాటిని తాను కల్పించిన లోకంలో నాటాడు. మన పరిభాషలో ఇది ఉత్పాద్యం.

ఇక తత్త్వం సంగతి. ప్లేటో ‘రిపబ్లిక్’ రెండో భాగంలో ఒక ఉంగరం కథ ఉంది. ఒక గొర్రెల కాపరికి నేల చీలికలో ఉంగరం దొరుకుతుంది. దాన్ని తిప్పితే ఎవరికీ కనిపించడు. ఆ బలంతో అతడు రాణిని వశపరచుకుని, రాజును చంపి, రాజ్యం కాజేస్తాడు. ఎవరూ చూడనప్పుడు మనిషి ధర్మంగా ఉంటాడా అన్నది అక్కడి ప్రశ్న. టోల్కీన్ ఉంగరం కూడా ధరించినవాణ్ణి కనిపించకుండా చేస్తుంది. ఆయన ప్లేటో నుంచే తీసుకున్నాడా అన్న చర్చ మనకు ముఖ్యం కాదు. ప్లేటో ప్రశ్నగా అడిగినదాన్ని ఈయన ఆ లోకపు నియమంగా మార్చాడన్నదే ముఖ్యం. ఆ ఉంగరాన్ని మంచికోసమైనా సరే వాడటం కుదరదు. వాడినవాణ్ణి అది తనవాణ్ణి చేసుకుంటుంది. జ్ఞాని అయిన గాండాల్ఫ్ దాన్ని ముట్టడానికి నిరాకరిస్తాడు. వెయ్యి పేజీలు మోసుకుపోయిన ఫ్రోడో చివరి క్షణంలో, అగ్నిపర్వతం అంచున, దాన్ని వదలలేక ఓడిపోతాడు. పూర్వం అతడు గొల్లమ్‌పై చూపిన జాలి అక్కడ పని పూర్తి చేస్తుంది.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, నియమం నాయకుడికి కూడా సడలలేదు. తత్త్వం ఉపన్యాసంగా రాలేదు, కథ మలుపుగా వచ్చింది. టోల్కీన్ 1939లో అద్భుతకథలను గురించి చేసిన ప్రసంగంలో ఇటువంటి రచనను ఉపసృష్టి అనే అర్థంలో వివరించాడు. రచయిత ఒక రెండో లోకాన్ని సృష్టిస్తాడు. లోపల ఉన్నంతసేపు పాఠకుడు ఆ లోకం నియమాల ప్రకారం దాన్ని నమ్ముతాడు. నియమం తప్పిన క్షణంలో మాయ తెగిపోతుంది. రామరాజభూషణుడి ఆక్షేపణకు ఇది ఒక సమాధానం. విశ్వాసం అనే పెట్టుబడి లేని చోట పొందిక పెట్టుబడి కావాలి.

చెప్పిన కథ జరిగి తీరటం

కళాపూర్ణోదయం ఎనిమిది ఆశ్వాసాల కావ్యం. సూరన దీన్ని నంద్యాల కృష్ణరాజుకు అంకితం ఇచ్చాడు. కథ ద్వారకలో మొదలవుతుంది. కలభాషిణి అనే గణిక చెలులతో ఉయ్యాల ఊగుతూ ఉంటుంది. ఆకాశమార్గాన నారదుడు, అతడి శిష్యుడు మణికంధరుడు వెళ్తూ ఉంటారు. రంభ, నలకూబరుడు విమానంలో విహరిస్తూ ఉంటారు. కలభాషిణి మనసు నలకూబరుడిపైకి పోతుంది. నారదుడు తుంబురుడిపై అసూయతో సంగీతం నేర్చుకోవటానికి కృష్ణుడి అంతఃపురానికి రావటం, మణికంధరుడు, కలభాషిణి అతడి వెంట ఉండి ఆ విద్య గ్రహించటం తరవాతి కథ.

ఇంతవరకు చూస్తే పురాణం చదువుతున్నట్టే ఉంటుంది. నారదుడు, కృష్ణుడు, రంభ మనకు తెలిసినవాళ్లే. కాని కథానాయిక కలభాషిణి, నాయకుడు కాబోయే మణికంధరుడు ఏ పురాణ కథలోనూ ఈ విధంగా లేరు. టోల్కీన్ నార్స్ పేర్లు తెచ్చినట్టే సూరన పురాణ పాత్రలను తన కల్పనకు ద్వారపాలకులుగా నిలబెట్టాడు. వాళ్లను దాటి లోపలికి వెళ్లాక లోకం సూరనది.

ఆ లోకంలో రూపం నిలకడైనది కాదు. కలభాషిణి రంభ రూపం పొందుతుంది. తపస్సు చేస్తున్న మణికంధరుడు నలకూబరుడి రూపం పొందుతాడు. అడవిలో ఇద్దరు రంభలు, ఇద్దరు నలకూబరులు ఎదురుపడతారు. నేనే అసలు రంభనంటే నేనే అసలు రంభనని తగవు పడతారు. కలభాషిణి నలకూబరుణ్ణి కోరుకుంది. ఆమెకు దొరికింది నలకూబరుడి రూపంలో ఉన్న మణికంధరుడు. కోరిక నెరవేరింది, కానీ ఆమె అనుకున్న అర్థంలో నెరవేరలేదు. కోరింది రూపాన్నయితే దొరికిందీ రూపమే. ఈ ఘట్టాన్ని చాలామంది హాస్యంగా చదువుతారు. హాస్యం ఉన్న మాట నిజమే. అడుగున మాత్రం కష్టమైన ప్రశ్న ఉంది: మనం ప్రేమించేది మనిషినా, మనిషి రూపాన్నా? రూపం పూర్తిగా ఒకటే అయినప్పుడు ఆ ఇద్దరినీ వేరు చేసేది ఏది?

సూరన ఇచ్చే సమాధానం జ్ఞాపకం. రూపాలు మారినా, జన్మలు మారినా మనిషిని అదే మనిషిగా ఉంచేది జ్ఞాపకమే. మణికంధరుడు కళాపూర్ణుడిగా, కలభాషిణి మధురలాలసగా మళ్లీ పుడతారు. పూర్వజన్మ తెలియజేసే మణి ఒకటి కథలో చేతులు మారుతూ వస్తుంది. ఆ మణి తగలగానే పసిబిడ్డ మధురలాలస నోరు విప్పి, సభలో పెద్దల ముందు, వెనకటి జన్మల కథంతా చెప్పటం మొదలుపెడుతుంది. కవిగారి మణి నిజంగా కృత్రిమ రత్నమే. ఏ పురాణపు గనిలోనూ దొరికింది కాదు. కాని కథను కలిపి కట్టిన దారం దానిలోనుంచే పోతుంది.

ఆ పసిబిడ్డ చెప్పే కథలో అసలు రహస్యం బయటపడుతుంది. ఒకప్పుడు సత్యలోకంలో బ్రహ్మ, సరస్వతి ప్రణయకలహంలో ఉండగా బ్రహ్మ ఆమెకు వినోదంగా ఒక కథ చెప్పాడు. కళాపూర్ణుడనే రాజు కథ అది. సరస్వతి అందులోని సంకేతాలను విప్పింది. ఆ కథలోని మనుషులు, చోట్లు తమ ఇద్దరి సరసంలోని ముద్దులకు, చప్పుళ్లకు, చూపులకు పెట్టిన మారుపేర్లని కనిపెట్టింది. అంతటితో అది ఒక దంపతుల చమత్కారంగా ముగిసిపోవాలి. అయితే చెప్పినవాడు బ్రహ్మ. బ్రహ్మ నోట వెలువడిన మాట వట్టిపోదు. కాబట్టి ఆ కథ భూమిమీద జరిగి తీరాలి. మనం అంతవరకు చదివిన ఉయ్యాల, విమానం, రెండు రంభలు, చావులు, పుట్టుకలు అన్నీ చెప్పిన ఒక కథ నిజం కావటానికి చేసుకున్న ఏర్పాట్లు.

కళాపూర్ణోదయపు మూలనియమం ఇదే: మాట ముందు, లోకం వెనక. సూరన దీన్ని మొదట చెప్పలేదు. కావ్యం సగం దాటినదాకా దాచి ఉంచాడు. అందువల్ల పాఠకుడు మొదట యాదృచ్ఛికమనుకున్న ప్రతి సంఘటనా వెనక్కి తిరిగి చూసినప్పుడు అనివార్యంగా కనిపిస్తుంది. కథలోని పాత్రలు తమ కథను తామే వింటాయి. వినటం కూడా ఆ కథలో భాగమే. 16వ శతాబ్ది కవి ఇంత జటిలమైన సంవిధానాన్ని ముడి జారకుండా పట్టుకోవటం ఆశ్చర్యం. కొందరు విమర్శకులు దీన్ని పద్యరూపంలో ఉన్న నవల అన్నది ఇందువల్లనే.

తత్త్వం ఎక్కడుంది

మాటనుంచి లోకం పుట్టటం సూరన గాలిలోనుంచి తీసిన ఊహ కాదు. భర్తృహరి వాక్యపదీయం మొదట్లోనే శబ్దాన్ని బ్రహ్మంగా ప్రతిపాదించి, జగత్తు దాని అర్థరూపమైన పరిణామంగా చెప్పింది. బ్రహ్మ భార్య వాగ్దేవి అన్న పురాణ కల్పన వెనక ఉన్నది ఈ భావమే. సృష్టికర్త, వాక్కు విడదీయరానివి. పురాణం దీన్ని దంపతులుగా చెప్పి ఊరుకుంది. శాస్త్రం దీన్ని కారికలుగా చెప్పింది. సూరన ఈ రెంటినీ కలిపి, ఆ దంపతుల సరసం లోనుంచే ఒక లోకం పుట్టిందని కథ కట్టాడు. శాస్త్రం గంభీరంగా చెప్పినదాన్ని శృంగారంగా మార్చటంలో కొంటెతనం ఉంది, తర్కం కూడా ఉంది. ధ్వని సృష్టికి మూలమైతే ముద్దు చప్పుడు కూడా ధ్వనే కదా!

ఇక్కడ టోల్కీన్ మళ్లీ గుర్తుకు వస్తాడు. ‘ది సిల్మరిల్లియన్’ ఆరంభంలో పరమేశ్వరుడు దేవగణానికి ఒక రాగం ఇస్తాడు. వాళ్లు పాడతారు. వాళ్లలో ఒకడు అహంకారంతో అపశ్రుతి కలుపుతాడు. ఆ గానమే మొదట దృశ్యంగా కనిపించి, తరవాత దైవాజ్ఞతో లోకమవుతుంది. లోకంలోని చెడుగు అంతా ఆ అపశ్రుతికి ఫలితం. ఇద్దరు కవుల లోకాలకూ మూలం నాదమే. తేడా మాత్రం చాలా ఉంది. టోల్కీన్‌ది క్రైస్తవ దృష్టి. ఆయన లోకంలో మొదటి తప్పు తిరుగుబాటు; చెడుగు దేన్నీ సృష్టించలేదు, ఉన్నదాన్ని వికృతం చేయగలదు. అందువల్ల అక్కడ కథ యుద్ధంగా నడుస్తుంది, త్యాగంతో ముగుస్తుంది. సూరన లోకంలో ప్రతినాయకుడంటూ లేడు. అక్కడ చిక్కు తెచ్చేది కోరిక, పోలిక. కథ పొరపాట్లుగా నడుస్తుంది, గుర్తుపట్టటంతో ముగుస్తుంది. మన సాహిత్యంలో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వంటిది ఉందా అని అడిగేటప్పుడు యుద్ధాలను, రాక్షసులను వెతికితే దొరికేది పోలిక మాత్రమే. నియమాన్ని వెతికితే దొరికేది బంధుత్వం.

తత్త్వాన్ని అద్భుతకథగా చెప్పిన సంప్రదాయం మనకు మరొకటి ఉంది. అది యోగవాసిష్ఠం. మడికి సింగన 15వ శతాబ్దిలోనే దాన్ని వాసిష్ఠరామాయణంగా తెలుగు చేశాడు. అందులో లీల అనే రాణి కథ ఉంది. భర్త మరణించాక ఆమె సరస్వతిని ప్రార్థిస్తుంది. దేవి ఆమెకు ఒక గదిలోని ఆకాశంలో మరో రాజ్యాన్ని, దానికి ఆధారమైన ఒక పేద బ్రాహ్మణుడి ఇంట్లో ఆ రాజ్యాలన్నిటినీ చూపిస్తుంది. లోకాల్లో లోకాలు, ఒక క్షణంలో ఒక జీవితకాలం. ఇంతకన్న అద్భుతమైన ఊహ ఏ ఆధునిక నవలలోనూ కనిపించదు. అయితే యోగవాసిష్ఠంలో కథ దృష్టాంతం. వసిష్ఠుడు జగత్తు మనఃకల్పితమని రాముడికి నచ్చజెప్పాలి. అందుకు లీల కథ చెప్తాడు. నచ్చజెప్పటం కాగానే కథతో పని తీరిపోతుంది. కళాపూర్ణోదయంలో ఎవరూ ఎవరికీ ఏ సిద్ధాంతాన్నీ నచ్చజెప్పరు. సిద్ధాంతం ఇక్కడ రథంలో ఇరుసు వంటిది. అది కనిపించదు, అది లేకపోతే చక్రం తిరగదు. తత్త్వానికి కథను ఉదాహరణగా వాడటం, తత్త్వాన్ని కథలో నియమంగా నిలపటం వేరువేరు పనులని విద్యార్థులు గుర్తించాలి.

సూరన మరొక గ్రంథం రాఘవపాండవీయం కూడా ఈ వెలుగులో కొత్తగా కనిపిస్తుంది. అందులో ప్రతి పద్యానికీ రెండు అర్థాలు. ఒక అర్థంలో రామాయణం, మరో అర్థంలో భారతం. అక్కడ ఒకే శబ్దరూపంలో రెండు కథలు ఉన్నాయి. ఇక్కడ ఒకే శరీరరూపంలో ఇద్దరు మనుషులు ఉన్నారు. శ్లేషను ఒక కావ్యంలో మాటకు, మరో కావ్యంలో మనిషికి ప్రయోగించిన కవి ఈయన. వ్యాకరణంలో మొదలైన ఆలోచన ఈయన చేతిలో జీవితంలోకి నడిచి వచ్చింది.

మూల్యం ఎవరు చెల్లించారు

ఇంత చెప్పిన తరవాత లోపం చూపకపోతే విమర్శ పూర్తి కాదు. నియమం ఉన్న చోట మూల్యం ఉంటుందని పైన అన్నాం. సూరన లోకంలో ఆ మూల్యం ఎక్కువగా స్త్రీలు చెల్లిస్తారు.

మణిస్తంభుడనే సిద్ధుడు కలభాషిణిని సింహంపై ఎక్కించుకుని మృగేంద్రవాహన ఆలయానికి తీసుకువచ్చి బలి ఇవ్వబోతాడు. ఆమె శరీరం అతడి రాజ్యకాంక్షకు పెట్టుబడి. శాలీనుడు, సుగాత్రి కథ మరొక రకం. తల్లి పెట్టిన నగలతో, అలంకారంతో భర్త గదికి వచ్చిన సుగాత్రిని శాలీనుడు చూడడు. ఆమె నగలు తీసి తోటలో అతడితో కలిసి పని చేస్తూ మట్టి కొట్టుకుని చెమటతో ఉన్నప్పుడు అతడికి మనసు కలుగుతుంది. ఆభరణాలే కావ్యమనుకునే కాలంలో ఒక ప్రబంధకవి ఈ కథ రాయటం సాహసం. రూపానికి వెనక ఉన్న మనిషిని చూడటమనే కావ్యసూత్రం ఇక్కడ ఇంటి భాషలో పలికింది. అయినా చూసే హక్కు శాలీనుడిది, చూపుకోసం వేచి ఉండవలసిన పని సుగాత్రిది. ఆ అసమానతను సూరన గమనించి ప్రశ్నించాడని చెప్పటం కష్టం.

అయితే ఇదే దంపతులు మణిస్తంభుడు, సుముఖాసత్తి అనే పేర్లతో మళ్లీ కనిపించి, ఒక దశలో స్త్రీపుంభావాలు మార్చుకుంటారు. పురుషుడు స్త్రీ అవుతాడు, స్త్రీ పురుషుడవుతుంది. వాళ్లకే కళాపూర్ణుడు పుడతాడు. బలి ఇవ్వబోయినవాడు తల్లి కావలసి వచ్చింది. కవి దీన్ని శిక్షగా చెప్పలేదు, పరిహారంగానూ చెప్పలేదు. లోకనియమం తన దారిన తాను ఆ పని చేసింది. గ్రంథాన్ని ఖండించటానికో, సమర్థించటానికో తొందరపడేవాళ్లు ఈ చోట కొంచెం ఆగి చదవాలి.

వరాలు, శాపాలు మితిమీరాయన్న ఆక్షేపణ కూడా ఉంది. అది కొంతవరకు నిజం. కొన్ని చోట్ల పాత్ర తన స్వభావం వల్ల కాక ఎవరో ముని నోటిమాట వల్ల కదులుతుంది. కాని మాట జరిగి తీరటమే మూలసూత్రమైన లోకంలో శాపం, వరం కథకు అతికించిన సాధనాలు కావు. బ్రహ్మ మాట పెద్ద ఎత్తున చేసిన పనినే నారదుడి మాట, రంభ మాట చిన్న ఎత్తున చేస్తాయి. ఈ సంగతి తెలిసి చదివితే ఆక్షేపణ బలం చాలా తగ్గుతుంది.

ఈ కథ నడిచిన దారులు

కళాపూర్ణోదయానికి ఆధునిక విమర్శలో పెద్దపీట వేసినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1914లో అచ్చయిన ‘కవిత్వతత్త్వ విచారము’లో ఆయన ఈ కావ్యాన్ని కేంద్రంగా పెట్టుకునే కథానిర్మాణాన్ని, పాత్రలను, కల్పనాశక్తిని విచారించారు. ఆయన మైసూరు మహారాజా కళాశాలలో పనిచేసినవారన్నది కర్ణాటకలోని విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం. తెలుగులో ఆధునిక విమర్శ పుట్టుకకు ఆలంబనమైన కావ్యం ఒక అద్భుతకథ కావటం కూడా ఆలోచించదగింది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. తెలుగు పద్యం చదవటం ఇంకా అలవాటు కానివాళ్లు దాన్ని పక్కన పెట్టుకుని మూలంలోకి రావచ్చు.

పండితుల దారి ఇది. జనం దారి మరొకటి ఉంది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు గోపాలుడికి దారి పొడవునా మజిలీకొక కథ చెప్తాడు. అక్కడ కూడా జరిగిన కథను తెలియజేసేది ఒక మణే. ఆ కథల ఆధారంతో 1951లో కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి బలి ఇవ్వబోతాడు. రాజ్యం కోసం, సిద్ధి కోసం మనిషిని బలి ఇవ్వబోయే మాంత్రికుడు విక్రమార్కుడి కథల నుంచి, మణిస్తంభుడి మీదుగా, మన వెండితెర దాకా నడిచి వచ్చాడు. ఆ సినిమా తయారైంది మద్రాసులో. అద్భుత ధారావాహికలతో రెండు మూడు తరాల పిల్లలకు చదవటం అలవాటు చేసిన ‘చందమామ’ 1947 జూలైలో మొదలైందీ మద్రాసులోనే. పత్రిక ఇప్పుడు వెలువడటం లేదు కాని, చెన్నైలోని తెలుగు విద్యార్థికి ఈ సంప్రదాయం ఎక్కడో దూరాన ఉన్నది కాదని చెప్పటానికి ఇది చాలు.

ఈ జనసామాన్య కథల్లో కూడా నియమం ఉంది. భైరవి అడిగినదిస్తుంది, కాని ఎవరి చేతిలో ఉంటే వారికే ఇస్తుంది. ఆమెకు మంచివాడు, చెడ్డవాడు అన్న భేదం లేదు. అందుకే మాంత్రికుడు తన పన్నాగంలో తానే చిక్కుకున్నాడు. అందుకే ప్రతిమ మళ్లీ అతడి చేతిలో పడినప్పుడు రాముడి సుఖమంతా ఒక్క మాటతో ఎగిరిపోయింది. అక్కడ తత్త్వం పలచబడింది, నియమం మాత్రం గట్టిగానే నిలిచింది. ప్రేక్షకులు ఇన్నేళ్లుగా ఆ సినిమాను మరవకపోవటానికి మాయల కన్న ఈ పొందికే కారణం కావచ్చు.

దీనికి విరుద్ధంగా విశ్వనాథ సత్యనారాయణగారి ‘పురాణవైర గ్రంథమాల’ను చూడవచ్చు. పన్నెండు నవలల ఆ మాలలో అద్భుతాలకు లోటు లేదు, పాండిత్యానికి అసలే లోటు లేదు. కాని పాశ్చాత్యులు నిర్ణయించిన భారత చరిత్ర కాలక్రమం తప్పని, పురాణాల కాలక్రమం ఒప్పని నిరూపించటం అక్కడ ఉద్దేశం. కథ ఒక వాదానికి సాక్షిగా నిలబడవలసి వచ్చింది. సాక్షి స్వేచ్ఛగా మాట్లాడలేడు. పురాణాన్ని చరిత్ర అని రుజువు చేయవలసిన అవసరం సూరనకు లేదు. అతడికి పురాణం ఊహకు పునాది. ఆ స్వేచ్ఛ వల్లనే భక్తుడైనా, భక్తి లేనివాడైనా కళాపూర్ణోదయాన్ని సమానంగా చదవగలడు.

మన ముందున్న పని

పురాణకథను నమ్మకంగానో, మూఢనమ్మకంగానో మాత్రమే చూడటం ఇప్పుడు అలవాటయింది. ఒక వర్గం దాన్ని ముట్టనివ్వదు, మరో వర్గం ముట్టదు. ఈ రెంటి మధ్య సాహిత్యానికి చోటు లేకుండా పోతున్నది. కల్పితమని తెలిసీ మనస్ఫూర్తిగా లోపలికి వెళ్లి, దాని నియమాన్ని పరీక్షించి, దాని మూల్యాన్ని లెక్కకట్టి బయటికి రావటం పాఠకుడికి ఉండవలసిన శక్తి. టోల్కీన్‌ను చదివేటప్పుడు మన విద్యార్థులు ఆ శక్తిని చక్కగా చూపిస్తారు. మధ్యభూమి ఉందా లేదా అని ఎవరూ పోట్లాడుకోరు. తెలుగు కావ్యం దగ్గరికి వచ్చేసరికి ఆ శక్తి ఎందుకు జంకుతుంది?

రామరాజభూషణుడి ప్రశ్నకు సూరన అవతారికలో వాదంతో జవాబు చెప్పలేదు, కావ్యంతో చెప్పాడు. చేసిన రత్నమే పసిబిడ్డ మెడలో పడి, మరచిపోయినదంతా గుర్తుచేసింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ రోజుకు మూడు రూపాలు ధరించే విద్యార్థులకు, రూపం మారినా మనిషి ఏ ఆధారంతో ఒక్కడుగా ఉంటాడన్న ప్రశ్న ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఈ సంవత్సరం కళాపూర్ణోదయంలో మొదటి ఆశ్వాసం, మధురలాలస నోరు విప్పే ఘట్టం ఈ రెండే అయినా మూలంలో చదవండి. చదివేటప్పుడు ప్రతి అద్భుతం దగ్గరా ఆగి, ఇది ఏ నియమం ప్రకారం జరిగింది, దీని మూల్యం ఎవరు చెల్లించారు అని రాసుకోండి. టోల్కీన్‌కు కూడా అదే ప్రశ్న వేయండి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకున్న నాడు “మన భాషలో ఇటువంటిది ఉందా” అన్న ప్రశ్నకు జవాబు మీరే రాయగలుగుతారు.